పునర్వినియోగ రాకెట్లతో తగ్గింది ఖర్చా, ధరా?

నింగిచూపు

నాసా స్పేస్ షటిల్‌లో కిలో బరువును కక్ష్యకు చేర్చడానికి సుమారు 54,500 డాలర్లు అయ్యేదని, స్పేస్‌ఎక్స్ సంస్థ రాకెట్ ఫాల్కన్ 9లో 2,720 డాలర్లే అవుతోందని చెప్పే పట్టికను చాలామంది చూసే ఉంటారు. ఇరవై రెట్ల తేడా. దాని కింద ఎప్పుడూ ఒకే వివరణ ఉంటుంది: రాకెట్‌ను పారేయకుండా మళ్లీ వాడుతున్నారు కాబట్టి ఇంత తగ్గిందని. ప్రయాణం పూర్తయ్యాక విమానాన్ని పారేస్తే టికెట్ ఎంత ఉండేదో ఊహించుకోండి అనే పోలికనూ జతచేస్తారు.

నాకు రెండు చోట్ల పొసగడం లేదు. షటిల్ కూడా మళ్లీ వాడిన వాహనమే కదా. 1981 నుంచి 2011 దాకా 135 సార్లు ఎగిరింది. మళ్లీ వాడితే చాలు ఖర్చు తగ్గుతుందనుకుంటే, అంత ఖరీదు ఎందుకైంది? ఇక రెండోది, ఉపగ్రహాలు పంపేవారు చెల్లించే ధర నిజంగా అన్ని రెట్లు తగ్గిందా? ధరల జాబితాలు చూస్తే అలా అనిపించడం లేదు. తెలిసినవారు వివరంగా చెప్పండి.

లెక్కలమాస్టారు

రెండో ప్రశ్న ముందు తీసుకుంటాను. ఆ 2,720 అంకె మీద నాకు చాలాకాలంగా అభ్యంతరం ఉంది.

6.2 కోట్ల డాలర్లను 22,800 కిలోలతో భాగిస్తే అది వస్తుంది. 6.2 కోట్లు స్పేస్‌ఎక్స్ ఒకప్పుడు ప్రకటించిన ధర. అది బూస్టర్‌ను, అంటే రాకెట్ మొదటి దశను, వెనక్కి తెచ్చుకునే ప్రయోగానికి. 22,800 కిలోలేమో బూస్టర్‌ను వదులుకుని, ఇంధనమంతా పైకి వెళ్లడానికే ఖర్చుపెట్టినప్పుడు దిగువ భూకక్ష్యకు మోయగల బరువు. ఈ రెండూ ఒకే ప్రయోగంలో కలవవు. బూస్టర్ సముద్రంలో నౌకపై దిగే స్టార్‌లింక్ (సంస్థ సొంత ఇంటర్నెట్ ఉపగ్రహాలు) ప్రయోగాల్లో మోస్తున్నది 17 టన్నుల ప్రాంతంలో ఉంటుంది. తాజాగా ప్రకటించిన ధర 7.4 కోట్ల డాలర్లు. భాగించి చూస్తే కిలోకు దాదాపు 4,350 డాలర్లు. అదీ రాకెట్ నిండా బరువు ఉంటేనే. రెండు టన్నుల ఉపగ్రహం కోసం రాకెట్ మొత్తాన్ని మాట్లాడుకున్న సంస్థకు కిలో లెక్క ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఇంకో సంగతి. 2013లో, ఒక్క బూస్టర్ కూడా తిరిగి దిగకముందు, ఫాల్కన్ 9 ప్రకటిత ధర 5.65 కోట్ల డాలర్లు. ద్రవ్యోల్బణాన్ని కలిపి చూస్తే ఇప్పటి ధరకు అటూ ఇటూగా సమానం. అంటే ఆ రాకెట్ మొదటి నుంచీ చౌకే. కింద తొమ్మిది మెర్లిన్ ఇంజిన్లు, పైన అదే ఇంజిన్‌కు మార్పులు చేసిన మరొకటి. రెండు దశలకూ ఒకే ఇంధనం, ఒకే వ్యాసం, భాగాల్లో చాలావరకు సొంత కర్మాగారంలోనే తయారీ. ఇలాంటి రాకెట్‌ను తాము తయారు చేయించి ఉంటే ఎంత అయ్యేదని నాసా 2011లో లెక్కవేసింది. పద్ధతిని బట్టి 170 కోట్ల నుంచి దాదాపు 400 కోట్ల డాలర్ల దాకా తేలింది. ఫాల్కన్ 9 అభివృద్ధికి సంస్థ చెప్పిన ఖర్చు 30 కోట్లు. ఈ పొదుపులో పునర్వినియోగానికి వాటా ఏమీ లేదు.

ధ్రువతార

మాస్టారు గారి లెక్కతో ఏకీభవిస్తున్నాను. షటిల్ సంగతి నేను చెబుతాను.

ప్రతిపాదించిన రోజుల్లో ఏడాదికి 50కి పైగా ప్రయోగాలు జరుగుతాయని అంచనా వేశారు. అత్యధికంగా ఎగిరింది 1985లో, 9 సార్లు. కార్యక్రమం మొత్తం ఖర్చును 135తో భాగిస్తే ఒక్కో ప్రయోగానికి సుమారు 150 కోట్ల డాలర్లు పడుతుంది.

ఎందుకంటే దిగడం వేరు, మళ్లీ ఎగరడానికి సిద్ధం కావడం వేరు. ఆర్బిటర్ (షటిల్‌లో రెక్కలున్న ప్రధాన వాహనం) ఒంటి నిండా 24,000కు పైగా ఉష్ణరక్షణ పలకలు. దాదాపు ఏ రెండింటి ఆకారమూ ఒకటి కాదు. ప్రతి ప్రయాణం తరువాత వాటిని మనుషులు ఒక్కొక్కటిగా పరీక్షించేవారు. ప్రధాన ఇంజిన్లను బయటికి తీసి తనిఖీ చేసేవారు. ఘన ఇంధన బూస్టర్లను ఉప్పునీటిలోంచి లాక్కొచ్చి, విడదీసి, మళ్లీ ఇంధనం నింపడానికి రైళ్లలో యూటా దాకా పంపేవారు. నారింజ రంగు పెద్ద ట్యాంకును ఎలాగూ ప్రతిసారీ పారేసేవారు. పైగా ఉపగ్రహాన్ని దించి రావడానికి కూడా వ్యోమగాములు వెళ్లాల్సిందే. 28 టన్నుల లోపు సరుకు కోసం 78 టన్నుల ఆర్బిటర్‌ను కక్ష్యకు ఎత్తి, మళ్లీ కిందికి తెచ్చేవారు.

ఒక ప్రయోగం నుంచి మరో ప్రయోగానికి పట్టిన అతి తక్కువ వ్యవధి 54 రోజులు. 1985లో అట్లాంటిస్ అనే షటిల్ సాధించింది. చాలెంజర్ షటిల్ ప్రమాదం తరువాత ఆ వేగం మళ్లీ రాలేదు. వేలమంది సిబ్బంది జీతాలు మాత్రం వాహనం ఎగిరినా ఎగరకపోయినా ఇవ్వాల్సిందే కదా. ఏడాదికి నాలుగైదు ప్రయోగాల మీద ఆ భారమంతా పడితే ఏ వాహనమైనా ఖరీదవుతుంది. ఆ ఇంజినీర్ల ప్రతిభలో లోటు లేదు. వారిని అడిగినదే అసాధ్యానికి దగ్గరగా ఉంది.

జ్వాల

ధ్రువతార గారు చెప్పినదానికి భౌతిక శాస్త్ర కోణం జోడిస్తాను. ఈ విషయంలో నాకు అన్నిటికన్నా అందంగా కనిపించేది ఇదే.

షటిల్ కక్ష్యలోంచి తిరిగి వచ్చేది. ఫాల్కన్ 9లో తిరిగి వచ్చేది అసలు కక్ష్యకే వెళ్లని భాగం. కక్ష్యలో వేగం సెకనుకు 7.8 కిలోమీటర్లు. బూస్టర్ విడిపోయేటప్పటికి ఎత్తు 65-70 కిలోమీటర్లు, వేగం సెకనుకు రెండు కిలోమీటర్లకు కాస్త పైన. గతిశక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కాబట్టి ప్రతి కిలోకు వదిలించుకోవాల్సిన శక్తి పది రెట్లకు పైగా తక్కువ. పలకల అవసరమే లేకుండా పోయింది. ఏది వెనక్కి తేవాలో, ఏది వదిలేయాలో ఎంచుకోవడంలోనే సగం పని అయిపోయింది.

విడిపోయాక బూస్టర్ చిన్న వాయు జెట్లతో తిరగబడి, ఇంజిన్ల వైపు నుంచి వాతావరణంలోకి దిగుతుంది. దట్టమైన గాలి తగిలేముందు మూడు ఇంజిన్లు మండించి వేగాన్ని తగ్గించుకుంటుంది. అక్కడి నుంచి దారి సరిదిద్దేవి పైభాగంలోని జాలీ రెక్కలు. మొదట్లో అల్యూమినియంతో చేసేవారు, వేడికి దెబ్బతింటున్నాయని 2017 నుంచి టైటానియంకు మారారు. చివర్లో సాధారణంగా ఒక్క ఇంజినే మండుతుంది. దాదాపు ఖాళీ అయిన బూస్టర్ ఎంత తేలికంటే, ఆ ఒక్క ఇంజిన్‌ను అతి తక్కువ స్థాయిలో నడిపినా దాని బరువును మించిన థ్రస్ట్ (పైకి నెట్టే బలం) వస్తుంది. అంటే గాలిలో ఆగి, సర్దుకుని దిగే అవకాశమే లేదు. నౌక ఉపరితలాన్ని తాకే క్షణానికే వేగం సున్నా కావాలి. ముందే సున్నా అయితే మళ్లీ పైకి లేస్తుంది, ఆలస్యమైతే ఢీకొంటుంది. 2015 డిసెంబరులో నేల మీద, 2016 ఏప్రిల్‌లో నౌక మీద ఇది సాధ్యమైంది. 2017 మార్చిలో ఎస్ఈఎస్-10 ఉపగ్రహంతో అప్పటికే ఎగిరిన బూస్టర్ రెండోసారి ఎగిరింది. చరిత్రలో ఈ మూడింటిలో చివరిదానికే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

దీనికి మూల్యం ఉంది. దిగడానికి దాచుకున్న ఇంధనం, కాళ్లు, రెక్కలు, ఇవన్నీ పేలోడ్‌ను (మోయగల సరుకు బరువును) తగ్గిస్తాయి. అయితే మొదటి దశకు చేర్చిన బరువులో కొద్ది భాగమే ఉపగ్రహం బరువులోంచి పోతుంది. రెండో దశకు చేర్చిన ప్రతి కిలో మాత్రం పూర్తిగా పోతుంది. ఫాల్కన్ 9లో పునర్వినియోగం వల్ల పేలోడ్ నష్టం 40 శాతం లోపేనని, వెనక్కి తెచ్చి సిద్ధం చేసే ఖర్చు 10 శాతం లోపని స్పేస్‌ఎక్స్ అధిపతి ఎలాన్ మస్క్ 2020లో చెప్పారు.

నింగిచూపు

చాలా బాగా చెప్పారు, జ్వాల గారూ. మరి నా సందేహం ఇంకా అలాగే ఉంది. బూస్టర్ మళ్లీ మళ్లీ ఎగురుతుంటే ధర ఎందుకు దిగలేదు? ఇంధనం ఖర్చు ఎక్కువా?

కక్ష్యామార్గం

ఇంధనం లెక్కలోకే రాదు. ఒక ఫాల్కన్ 9లో నింపే కిరోసిన్, ద్రవ ఆక్సిజన్ ఖర్చు రెండు లక్షల డాలర్ల స్థాయిలో ఉంటుందని మస్క్ చాలా ఏళ్ల క్రితమే చెప్పారు. కోట్ల డాలర్ల ధరలో అది ఒక శాతం కూడా కాదు. విమానంతో పోలిక ఇక్కడే తప్పుదారి పట్టిస్తుంది. విమానయాన సంస్థల ఖర్చుల్లో ఇంధనానికి చాలా పెద్ద వాటా ఉంటుంది. రాకెట్‌లో ఖర్చంతా లోహంలో, మనుషుల పనిలో ఉంది.

2018లో మస్క్ ఇచ్చిన విభజన ఇది: బూస్టర్ 60 శాతం, రెండో దశ 20, ఉపగ్రహాన్ని కప్పి ఉంచే ఫెయిరింగ్ 10, ప్రయోగ నిర్వహణ 10. ఫెయిరింగ్ రెండు సగాలూ కలిపి దాదాపు 60 లక్షల డాలర్లు. వాటినీ పారాచూట్లతో దించి, సముద్రంలోంచి తీసి వాడుతున్నారు. అలా చూస్తే ప్రతిసారీ కొత్తగా కావాల్సింది రెండో దశ ఒక్కటే. అన్నీ కలిసొస్తే ఒక ప్రయోగానికి అదనంగా అయ్యే ఖర్చు 1.5 కోట్ల డాలర్ల దాకా దిగగలదని 2020లో ఆయనే అన్నారు.

1.5 కోట్లకు, అప్పటి 6.2 కోట్ల ధరకు మధ్య ఉన్న సొమ్ము ఎక్కడికి పోతోందన్నదే మీ ప్రశ్న. పునర్వినియోగాన్ని సాధించడానికి పెట్టిన పెట్టుబడే దాదాపు 100 కోట్ల డాలర్లు. అది తిరిగి రావాలి. తరువాత స్టార్‌లింక్, కొత్త భారీ రాకెట్ స్టార్‌షిప్ ఉన్నాయి. ధర తగ్గించక తప్పని స్థితిలోకి నెట్టే పోటీదారు ఇన్నేళ్లూ లేరు. పక్కవారు అంతకంటే ఎక్కువకు అమ్ముతుంటే ఏ వ్యాపార సంస్థా తనంతట తాను సగానికి దించదు. 2024లో ఫాల్కన్ కుటుంబం 134 సార్లు ఎగిరితే, అందులో మూడింట రెండు వంతులు స్టార్‌లింక్ కోసమే. ఆ ప్రయోగాలకు సంస్థ తన ఖర్చు మాత్రమే భరిస్తుంది. తగ్గిన ఖర్చు ఫలితం ఎక్కడికి పోయిందంటే, ముందుగా అక్కడికి.

సందేహి

అందరూ పునర్వినియోగం ఎప్పుడూ లాభమే అన్నట్టు రాస్తున్నారు. దీన్ని ఒప్పుకోను.

అప్పట్లో అమెరికా రాకెట్ సంస్థ యునైటెడ్ లాంచ్ అలయన్స్‌కు అధిపతిగా ఉన్న టోరీ బ్రూనో 2020లో చెప్పిన లెక్క ప్రకారం, బూస్టర్లన్నీ సగటున పదిసార్లు ఎగిరితే తప్ప పెట్టుబడి తిరిగి రాదు. రెండుసార్లకు సమానం, మూడోసారికి లాభం అని మస్క్ బదులిచ్చారు. ఎవరి రాకెట్‌కు వారి లెక్క సరైనదే కావచ్చు. యూరప్ వాదన ఇంకా గట్టిది. ఏరియేన్ రాకెట్లు తయారు చేసే ఏరియేన్ గ్రూప్ అప్పటి అధిపతి అలెన్ షార్మో 2018లో ఇలా వివరించారు: ఏడాదికి పది ప్రయోగాలే ఖాయంగా ఉండి, ఒక్కో రాకెట్‌ను పదిసార్లు వాడగలిగితే, కర్మాగారం ఏడాదికి ఒకే రాకెట్ తయారు చేయాలి. మిగతా కాలం ఆ నిపుణులను ఏం చేయాలి? వారిని ఇంటికి పంపితే ఆ నైపుణ్యం మళ్లీ దొరకదు. ఏరియేన్ 6 మళ్లీ వాడని రాకెట్‌గానే 2024 జులైలో తొలిసారి ఎగరడానికి వెనుక ఇంత ఆలోచన ఉంది. వారిని ముందుచూపు లేనివారని తేల్చేయడం అన్యాయం.

లెక్కలమాస్టారు

సందేహి గారూ, ఆ వాదనను నేనూ తేలిగ్గా తీసుకోను. పది ప్రయోగాల ప్రపంచంలో షార్మో గారి లెక్క తప్పు కాదు. కానీ ప్రయోగాల సంఖ్య స్థిరంగా ఉంటుందనే ఊహ మీదే అది నిలబడింది. స్పేస్‌ఎక్స్ ఆ ఊహనే మార్చేసింది. బయట గిరాకీ లేకపోతే, వేల ఉపగ్రహాల సమూహంతో సొంత గిరాకీని పుట్టించుకుంది.

నిపుణుల ఉపాధి ప్రశ్నకూ అక్కడే సమాధానం దొరికింది. బూస్టర్‌ను పారేస్తే ఒక్కో ప్రయోగానికి పది ఇంజిన్లు కావాలి. వెనక్కి తెచ్చుకుంటే రెండో దశలోని ఒక్కటి చాలు. అయితే 134 ప్రయోగాలంటే 134 రెండో దశలు. కర్మాగారం మూతపడలేదు, ప్రధానంగా రెండో దశలు తయారు చేసే చోటుగా మారింది. వారానికి రెండుకు పైగా ఒకే వస్తువును చేస్తుంటే దాని ఖర్చు కూడా తగ్గుతుంది. పట్టికల్లో ఎక్కడా కనిపించని పొదుపు ఇది.

యూరప్ చెల్లించిన మూల్యం మాత్రం చిన్నది కాదు. ఏరియేన్ 5 చివరిసారి 2023 జులైలో ఎగిరింది. అప్పటికి ఏరియేన్ 6 ఇంకా సిద్ధం కాలేదు. యూక్లిడ్ టెలిస్కోపును అదే నెలలో, గెలీలియో దిక్సూచి ఉపగ్రహాలు కొన్నిటిని 2024లో ఫాల్కన్ 9 మీద పంపాల్సి వచ్చింది. స్వతంత్రంగా అంతరిక్షానికి వెళ్లగలగడమే ఏరియేన్ పుట్టుకకు కారణం. అందుకే ఇది నన్ను బాధిస్తుంది.

మేఘమాల

పెద్ద ఉపగ్రహాల గురించే మాట్లాడుతున్నారు. ధర నిజంగా పడిపోయిన చోటు ఒకటుంది: చిన్న ఉపగ్రహాలు కలిసి చేసే ప్రయాణం.

2021 జనవరిలో ట్రాన్స్‌పోర్టర్-1 అనే ఫాల్కన్ 9 ప్రయోగం ఒకేసారి 143 ఉపగ్రహాలను మోసుకెళ్లింది. అంతకుముందు రికార్డు 2017లో పీఎస్ఎల్వీ పంపిన 104. అప్పటి ధర 200 కిలోలకు 10 లక్షల డాలర్లు, ఆపై కిలోకు 5,000. తరువాత కిలో ధర 6,000 దాటింది. పెరిగినా, ఒక విశ్వవిద్యాలయ బృందం తన ప్రయోగం కోసం సమకూర్చుకోగల పరిధిలోనే ఉంది. నా దృష్టిలో ఈ మొత్తం మార్పులో అన్నిటికన్నా విలువైనది ఇదే.

కాకపోతే కక్ష్య, తేదీ మన చేతిలో ఉండవు. అవి కావాలంటే రాకెట్ ల్యాబ్ సంస్థ ఎలక్ట్రాన్ లాంటి చిన్న రాకెట్‌ను ప్రత్యేకంగా మాట్లాడుకోవాలి. 300 కిలోలకు కొన్నేళ్ల క్రితం ధర సుమారు 75 లక్షల డాలర్లు. కిలోకు 25,000. అయినా కొనేవారు ఉన్నారంటే, కిలో లెక్క ఒక్కటే అందరికీ కొలమానం కాదని తెలుస్తోంది. చిన్న రాకెట్‌లో దిగడానికి ఇంధనం దాచుకునే వీలు ఉండదు కాబట్టి రాకెట్ ల్యాబ్ పారాచూట్లను నమ్ముకుంది. 2022 మేలో హెలికాప్టర్‌తో గాలిలోనే పట్టుకుంది కూడా, కాసేపటికి వదిలేయాల్సి వచ్చింది. ఇప్పుడు తిరిగి దిగగల న్యూట్రాన్ అనే పెద్ద రాకెట్ మీద పనిచేస్తోంది.

ఒక ప్రశ్న. ఇరవై సార్లు ఎగిరిన బూస్టర్ మీద కోట్ల విలువైన ఉపగ్రహాన్ని ఎక్కించడానికి భయపడరా?

ధ్రువతార

మొదట్లో భయపడ్డారు. 2017 చివరికి నాసా సరుకు ప్రయోగానికి ఒప్పుకుంది. 2021 ఏప్రిల్‌లో క్రూ-2 వ్యోమగాములు వాడిన బూస్టర్ మీదే వెళ్లారు. ఇప్పుడు కొన్ని బూస్టర్లు 30 సార్లకు పైగా ఎగిరాయి.

వైఫల్యాల చరిత్ర చూస్తే మేఘమాల గారికి ఆశ్చర్యం కలుగుతుంది. 2015 జూన్‌లో అంతరిక్ష కేంద్రానికి వెళ్తూ పేలిపోయిన సీఆర్ఎస్-7, 2016 సెప్టెంబరులో ప్రయోగ వేదిక మీదే కాలిపోయిన అమోస్-6, 2024 జులైలో స్టార్‌లింక్ ఉపగ్రహాలను తక్కువ కక్ష్యలో వదిలేసిన ప్రయోగం. మూడింటిలోనూ లోపం రెండో దశలోనే. అంటే ప్రతిసారీ సరికొత్తగా చేసే భాగంలో. 2024 జులైలో పాత బూస్టర్ తన పని ముగించుకుని క్షేమంగా దిగింది.

జ్వాల

దానికి ఒకటి జోడించాలి. 2012 అక్టోబరులో ఎక్కేటప్పుడు మొదటి దశ ఇంజిన్ ఒకటి చెడిపోయి, ప్రధాన సరుకు చేరినా వెంట వెళ్లిన చిన్న ఉపగ్రహం సరైన కక్ష్యకు చేరలేదు. అది కూడా కొత్త బూస్టరే.

తిరిగి వచ్చిన బూస్టర్ ఇచ్చే అతి పెద్ద లాభం బహుశా ఇదే: పరీక్షించడానికి అది చేతిలో ఉంటుంది. ఏ గొట్టం అరిగింది, ఏ అతుకు పగిలింది అన్నది ఊహించాల్సిన పని లేదు.

కక్ష్యామార్గం

ఇతరుల సంగతి క్లుప్తంగా చెబుతాను. బ్లూ ఆరిజిన్ సంస్థ రాకెట్ న్యూ గ్లెన్ బూస్టర్ 2025 నవంబరులో, రెండో ప్రయోగంలోనే నౌకపై దిగింది. మీథేన్‌తో నడిచే ఇంజిన్లు, కిరోసిన్‌లా మసి పట్టవు కాబట్టి శుభ్రం చేసే పని తగ్గుతుంది. ఇస్రో పుష్పక్ రెక్కల వాహనంతో 2023, 2024ల్లో మూడుసార్లు రన్‌వే మీద దిగే పరీక్షలు చేసింది. మొదటి దశను మళ్లీ వాడేలా రూపొందించే కొత్త తరం రాకెట్‌కు 2024 సెప్టెంబరులో 8,240 కోట్ల రూపాయలతో ఆమోదం వచ్చింది. ధర దిగేది ఇలాంటి రెండు మూడు రాకెట్లు ఒకే ఒప్పందం కోసం పోటీపడినప్పుడే. అప్పటిదాకా తగ్గేది ఖర్చు మాత్రమే.

సందేహి

సరే, మొదటి దశ విషయంలో మీ వాదన బలంగా ఉంది. స్టార్‌షిప్‌లో రెండో దశనూ వెనక్కి తెస్తామంటున్నారు. కక్ష్య వేగం నుంచి దిగాలి, మళ్లీ దాదాపు 18,000 పలకలు. ఇది షటిల్ కథే కదా?

జ్వాల

సరైన ప్రశ్న. తేడాలు ఉన్నాయి. పలకలు ఎక్కువగా ఒకే షడ్భుజి ఆకారంలో ఉంటాయి కాబట్టి ఒకటి పోతే మరొకటి పెట్టవచ్చు. కింద అల్యూమినియం బదులు ఉక్కు ఉండటంతో ఎక్కువ వేడిని తట్టుకుంటుంది. మనుషులు లేకుండా పరీక్షించవచ్చు కాబట్టి పోగొట్టుకుంటూ నేర్చుకోవచ్చు. బూస్టర్ వైపు పురోగతి స్పష్టం: 2024 అక్టోబరులో 33 ఇంజిన్ల బూస్టర్‌ను ప్రయోగ స్తంభం చేతులతోనే పట్టుకున్నారు, 2025 మేలో ఒకసారి ఎగిరిన బూస్టర్‌ను మళ్లీ ఎగరేశారు.

పైదశ మాత్రం 2025 చివరిదాకా సముద్రంలో దిగిందే తప్ప, తిరిగి వచ్చి మళ్లీ ఎగరలేదు. పలకలను మనుషులు ఒక్కొక్కటిగా తడిమి చూడాల్సిన అవసరం తప్పుతుందా లేదా అన్నదే నేను గమనిస్తున్నాను. ఫాల్కన్ బూస్టర్ 2025 మార్చిలో 9 రోజుల్లోనే మళ్లీ ఎగిరింది, అట్లాంటిస్‌కు 54 రోజులు పట్టింది. స్టార్‌షిప్ పైదశ ఈ రెండింటిలో దేనికి దగ్గరగా వస్తుందో తేలేదాకా, దాని గురించి చెప్పే కిలోకు వంద డాలర్లు అనే అంచనాను నింగిచూపు గారు చూసిన పట్టికలో చేర్చకూడదు.